మేళములో మొదటి పీట

పెండ్లిపందిరి కంటికి కనబడకమునుపే చెవికి వినబడును. వీధి మలుపు ఇంకను తిరుగలేదు, మామిడాకుల తోరణము కానరాలేదు. అయినను సన్నాయి స్వరము, దాని వెనుక డోలు మ్రోత మన యడుగులను త్వరపెట్టుచుండును. తాళిబొట్టు కట్టు సమయమున "గట్టిమేళము, గట్టిమేళము" అని పురోహితుడు చేయి ఊపినంతనే డోలు ఒక్కుమ్మడిగా చెలరేగును. ఆ మ్రోతలో ఎవరి తుమ్మును వినబడదు, ఎవరి నోటి అశుభపు మాటయు వినబడదు. దేవుని మేలుకొలుపునకు సన్నాయి కావలెను, ఊరేగింపునకు కావలెను, పవళింపునకును కావలెను. ఇంతగా మనకు కావలసిన విద్యను తామును నేర్చుకొనవలెనని ఎందరు బాలబాలికలకు తోచినది? తోచినను, పోయి ఎవరిని అడుగవలెను? అడిగినచో మేళములో వారికి ఒక పీట వేయువారెవరు?

ఈ ప్రశ్న నాకు 12వ యేట కలిగినది. అది ధనుర్మాసము. మా ఊరి వేణుగోపాలస్వామి ఆలయమున ఆ నెల దినములును తెల్లవారకమునుపే మేళము జరుగుచుండెను. సన్నాయి ఒకరు, డోలు ఒకరు, తాళములు వేయువారొకరు, శ్రుతి పట్టు కుఱ్ఱవాడొకడు, మొత్తము నలుగురు. సన్నాయి వాయించు పెద్దాయనను ఊరి పిల్లలమందరము సన్నాయితాత అని పిలుచుచుంటిమి. నేను పొంగలి ప్రసాదముకొఱకు పోవుచున్నానని మా యింటివారు తలచిరి. అదియు కొంత నిజమే. కాని పొంగలి పంచుటకు గంట ముందుగనే పోయి, ఆ చలిలో మండపపు మెట్లపై కూర్చుండుటకు వేరు కారణముండెను.

ఒకనాడు శ్రుతి పట్టు కుఱ్ఱవానికి జ్వరము వచ్చినది. తాత శ్రుతిపెట్టెను ముందుంచుకొని అటు నిటు చూచి, నన్ను కనుగొని, "బాబూ, దినమును వచ్చి వినుచున్నావు గదా, ఈ పెట్టె తిత్తి ఆడింపగలవా?" అని అడిగెను. "ఆడింతును తాతా" అని లేచి పోతిని. దానిలో కష్టమేమున్నదని నా యుద్దేశము. ఒక చేతితో తిత్తిని తెఱచుట, మూయుట, అంతియే గదా!

పావుగంట గడచుసరికి ఆ కష్టమేమో తెలిసినది. చేయి తీపులు తీయసాగెను. తిత్తిలోని గాలి అయిపోవువఱకు ఊరకుండి ఆ పిమ్మట గబాలున నొక్కుచుంటిని. నొక్కినపుడెల్ల శ్రుతి ఒకసారి క్రుంగి, ఒకసారి ఎగసి, తూగుచుండెను. తాత సన్నాయిని నోటినుండి తీయకయే నావైపు కన్ను త్రిప్పెను. ఆ చూపులో కోపము లేదు. కాని అంతటితో నా నిద్రమత్తు వదలినది. తిత్తి సగము ఖాళీయగునప్పటికే మరల నింపవలెనని రెండవనాడు గ్రహించితిని. మూడవనాటికి చేతినొప్పి మఱచితిని. వారము దినములు గడచుసరికి ఒక వింత నాకు వినబడసాగెను. అంతవఱకు సన్నాయి తన యిచ్చవచ్చినట్లు ఎక్కడెక్కడనో విహరించుచున్నదని తలచియుంటిని. ఇప్పుడో, గుంజకు కట్టిన దూడ ఎంత దూరము గంతులిడినను త్రాడు చాలినంతలోనే తిరుగునట్లు, ఆ రాగమంతయు నా చేతిలోని షడ్జమును ఆధారము చేసికొనియే తిరుగుచున్నదని తెలిసినది. నేను గుంజనైతిని! ఆ ప్రాయములో అంతకు మించిన గౌరవము నాకు మఱియెచ్చటను లభింపలేదు.

తొమ్మిదవనాడు మా తండ్రిగారు ఆలయమునకు వచ్చిరి. ఎవరో చెప్పియుందురు. వారు కేకలు వేయలేదు. మేళము ముగియువఱకు స్తంభమునొద్ద నిలిచి, పిమ్మట, "చదువుకొను పిల్లవాడు భజంత్రీలలో కూర్చున్నచో నలుగురు ఏమనుకొందురు? లే" అని మాత్రమనిరి. సన్నాయితాత గబగబ లేచి, శ్రుతిపెట్టెను నా ముందునుండి తీసికొని, "తప్పు నాదే బాబూ, పిల్లవానినేమియు అనకుడు" అనెను. తప్పు ఆయనది కాదని 60 ఏండ్లుగా నాకు తెలియుచునే యున్నది. ఆనాడు నేను ఆ మాట పైకి అనలేకపోతిని.

నేను సన్నాయి నేర్చుకొనలేదు. కావున సన్నాయి ఎట్లు వాయింపవలెనో మీకు చెప్పుటకు అధికారము లేనివాడను. మేళములో క్రొత్తవానికి దొరకు మొదటి పీటను గూర్చి మాత్రము, తొమ్మిదినాళ్లు దానిపై కూర్చున్నవాడను గనుక, కొంత చెప్పగలను.

సన్నాయియు డోలును జతగూడిన మేళము మన దేశమునకే చెందినది కాదు. ఊదు వాద్యమును కొట్టు వాద్యమును కలిపి ఊరేగుట అనేక దేశములలో కలదు. వానిలో స్కాట్లండు దేశపు మేళమును గూర్చి ఇచట చెప్పుట అవసరము. ఏలయన మనము జవాబు వెదకుచున్న ప్రశ్నకు వారొక జవాబు కనుగొనిరి. వారి వాద్యము తిత్తితో కూడినది. మేకతోలు తిత్తిని మన వీధిభాగవతులును శ్రుతికై వాడియున్నారు గనుక అది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. స్కాట్లండువాడు తిత్తిని చంక క్రింద నదిమిపట్టి నోటితో దానిలో గాలి నింపును. భుజముపై మూడు గొట్టములు నిలిచి ఎడతెగక శ్రుతి పలుకుచుండును. క్రిందనున్న పిల్లనగ్రోవివంటి గొట్టముపై వ్రేళ్లు కదలించి పాట పలికించును. ఆ గొట్టమునకు పలుకు స్వరములు తొమ్మిది మాత్రమే. ఒకసారి మొదలిడిన పిమ్మట నాదము ఆగదు. నాలుకతో దానిని విఱుచుటకు వీలులేదు. ఒకే స్వరమును రెండుసారులు పలికింపవలెనన్నను, నడుమ కనుఱెప్పపాటు మఱియొక స్వరమును తాకి రావలెను. ఈ చిన్న తాకుడులే ఆ విద్యకంతకును ప్రాణము.

అక్కడ క్రొత్తగా చేరినవానికి తిత్తిని చేతికీయరు. సన్నని చిన్న గొట్టమొకటి ఇత్తురు. దానికి తిత్తి లేదు, భుజముపై గొట్టములు లేవు, పెద్ద నాదమును లేదు. బల్లచుట్టు కూర్చుండి నెలల తరబడి, తఱచుగా ఒక సంవత్సరమునకు పైగా, దానిపైననే వ్రేళ్లు సాధన చేయవలెను. డోలు నేర్వవచ్చినవానికి డోలే కానరాదు. రబ్బరు పలకపై రెండు పుల్లలతో కొట్టుచుండవలెను. వారమున కొకటి రెండు దినములు సాయంకాలమున ఊరి మేళమువారందరు ఒకచోట కూడుదురు. పదేండ్ల బాలికయు, ఉద్యోగము విరమించిన వృద్ధుడును ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒకే పాఠమును తప్పులతో వాయించుచుందురు. అనేక మేళములు ఈ పాఠమునకు రుసుము పుచ్చుకొనవు, పుచ్చుకొన్నను స్వల్పమే. అది వారి దానగుణమని నేననను. నేడు క్రొత్తవానిని కూర్చుండబెట్టని మేళమునకు పదేండ్లకు మనుష్యులుండరని వారెఱుగుదురు.

అక్కడను ఆదినుండి ఇట్లే యుండెనని భ్రమపడరాదు. స్కై ద్వీపమున మాక్రిమన్ అను వంశమువారు తరతరములుగా మాక్లౌడు ప్రభువులకు ఆస్థాన వాద్యకారులుగా నుండిరి. విద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించెను. ఆ ప్రభువుల కాలము గడచినది. వాద్యము మొదట సైనికపటాలములకును, పిదప బొగ్గుగనుల కూలీల ఊళ్లకును, రక్షకభటులకును, పాఠశాలలకును చేరెను. ఇట్టి మేళములన్నిటికి 1930లో ఒక సంఘము ఏర్పడినది. ఇప్పుడు ఏటేట ఆగస్టు మాసమున గ్లాస్గో నగరమందలి పచ్చికమైదానములో ప్రపంచపోటీలు జరుగును. మేళములను తరగతులుగా విభజించి, క్రొత్తవారు క్రొత్తవారితోనే పోటీపడునట్లు ఏర్పాటు చేసినారు. షాట్స్ అనునది బొగ్గుగనులపై ఆధారపడి బ్రదికిన ఒక చిన్న పట్టణము. ఆ యూరి మేళము ప్రపంచపోటీలలో పలుమారులు మొదటి స్థానమును గెలుచుకొన్నది. గనులు మూతపడినవి, మేళము నిలిచినది. అయితే అక్కడను స్త్రీలను చాలకాలము చేర్చుకొనని మేళములు లేకపోలేదు. ఎక్కడి తలుపైనను దానంతట నది తెఱచుకొనదు గదా!

ఇంతదూరము పోయి చూచి వచ్చినపుడు మన మేళములో నాకొక విశేషము తోచుచున్నది. వారి శ్రుతి వాద్యమునకే తగిలించియున్న మూడు గొట్టములు. మన శ్రుతి ఒక మనుష్యుడు. పూర్వము ఒత్తు అను పొడవైన సన్నాయితో ఎడతెగక ఒకే స్వరమూదువాడు ఒకడుండెడివాడు. పిదప తిత్తిగల శ్రుతిపెట్టె వచ్చినది. ఏదైనను దానికొక మనిషి కావలెను. ఆ మనిషి సాధారణముగా మేళములో అందరికంటె చిన్నవాడు, అందరికంటె క్రొత్తవాడు. స్కాట్లండువాడు ఒక సంవత్సరము బల్లయొద్ద కూర్చుండినగాని ఊరేగింపులో కాలుపెట్టడు. మన కుఱ్ఱవాడు మొదటినాటినుండియే మేళము నడుమ కూర్చుండును. చేయవలసిన పని స్వల్పము, వినవలసినది సముద్రము. ఒక ధనుర్మాసమున ఎన్ని రాగములు, ఎన్ని పెండ్లిండ్లలో ఎన్ని కీర్తనలు, డోలు ఎచ్చట ఆగును, ఎచ్చట ఎత్తుకొనును, అన్నియు వాని చెవిలో పడుచుండును. తరువాత వాడు సరళీస్వరములు మొదలిడునప్పటికి సంగీతము వానికి పరాయిభాష కాదు.

ఆ పీట ఇప్పుడు ఖాళీయైనది. 1980 తరువాత విద్యుత్తుతో పలుకు చిన్న శ్రుతిపెట్టెలు వ్యాపించినవి. పలకంత పెట్టె, మీట నొక్కినచో అలసట లేక, తూగక, షడ్జమును పలుకుచునే యుండును. నా చేతికంటె అది నూఱురెట్లు నిలకడగలదని ఒప్పుకొందును. నలుగురికి బదులు ముగ్గురు వచ్చిన చాలును గనుక పెండ్లివారికి ఖర్చు తగ్గినది. కాని ఆ పెట్టె వినదు. వినని పెట్టె పదేండ్లు శ్రుతి పట్టినను సన్నాయి చేతబట్టి లేచి నిలువబోదు. మేళములు తగ్గిపోవుచున్నవని విచారించువారు బాకాల బ్యాండును, గ్రామఫోను నాటినుండి నేటివఱకు వచ్చిన యంత్రములను, సినిమా పాటలను తిట్టుచుందురు. నేను మాత్రము ఈ పలకంత పెట్టెను ముందు చూపుదును. మిగిలినవి మేళమునకు పోటీ మాత్రమే. ఇది క్రొత్తవాని పీటనే తీసివేసినది.

అయినచో క్రొత్తవాడు ఎవడు కావలెను? ఇదియే కష్టమైన ప్రశ్న. తెలుగునాట ఈ విద్యను నిలిపినవారు ముఖ్యముగా నాయీబ్రాహ్మణ కుటుంబములవారు; గుంటూరు, ప్రకాశము సీమలలో ముస్లిం కుటుంబములవారును తరతరములుగా దీనినుపాసించిరి. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా గారు అట్టి కుటుంబమువారే. వారు శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదునందిరి, 1999లో స్వర్గస్థులైరి. వారి శిష్యురాలైన కాలీషాబీ మహబూబు గారు స్త్రీలు చేపట్టుట అరుదైన ఈ వాద్యమును చేపట్టి, భర్తతో కలసి వాయించి కీర్తిగాంచినారు. 2020లో ఆ దంపతులకు పద్మశ్రీ ప్రకటింపబడినది. విద్యకు మతము గోడ కాదని చినమౌలానా గారి జీవితము, స్త్రీపురుష భేదము గోడ కాదని కాలీషాబీ గారి జీవితము తెలుపుచున్నవి.

కాని ఈ విద్యను నిలిపిన యింటివారికే ఒక భయము కలదు. అది న్యాయమైన భయము. "నేటివఱకు మమ్ము వసారాలో కూర్చుండబెట్టినవారు రేపు విద్య నేర్చుకొని మా కూడును లాగుకొనరా?" అని వారిలో నొకరు నాతో ననిరి. దీనికి తేలికయైన సమాధానము లేదు. తలుపు తెఱచుట యన్నచో ఇంటివారిని బయటికి పంపుట కారాదు. నేర్పువారు వారే కావలెను. నేర్పినందుకు తగిన వేతనము వారికి ముట్టవలెను. పాఠశాలలో లెక్కలు చెప్పువారికి జీతమిచ్చుచున్నాము. చిత్తరువులు నేర్పువారికిని ఇచ్చుచున్నాము. వారమునకు రెండు సాయంకాలములు డోలు నేర్పు పెద్దకు ఇచ్చుటకు మనకు అభ్యంతరమేమి? తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు నాదస్వరమునకు, డోలునకు ప్రత్యేకముగా పాఠశాల నడుపుచున్నారు. అది మంచిదే. అయినను ఊరిలోని మేళము ఊరి పిల్లలకు దగ్గఱ. తిరుపతికి పోవలెనన్నచో ముందుగా ఆ విద్యపై మనసు పుట్టవలెను గదా. అది ఊరి మండపమున పుట్టవలసినదే.

నా కోపము, నిజము చెప్పవలెనన్నచో, వాయించువారిపై కాదు, వినువారిపైననే. మేళము లేనిదే శుభము కాదందుము. ముహూర్తము దాటిపోవుచున్నదని భజంత్రీలకొఱకు మనుష్యులను పరుగెత్తింతుము. విస్తళ్లు వేయునపుడు మాత్రము వారు మనకు చివరిపంక్తిలో, ఒక్కొక్కచోట పంక్తికే వెలుపల, గుర్తుకు వత్తురు. ఈ అవమానమును చూచిన కుఱ్ఱవాడు తాత విద్యను విడిచి వేఱుపనికి పోయినచో వానిని తప్పుపట్టుటకు మనకు నోరున్నదా? అన్ని యిండ్ల పిల్లలును ఒకే చాపపై కూర్చుండి శ్రుతి పట్టు దినము వచ్చినచో, ఆ చాపను పందిరి వెలుపల వేయించుటకు ఏ గృహస్థునకు ధైర్యము చాలును? తన కొడుకు అందులో కూర్చున్నాడు గదా!

మేళములో చేరదలచిన విద్యార్థి కొన్ని సంగతులు ముందుగా తెలిసికొనుట మేలు. సన్నాయికి వ్రేళ్లతో మూయు రంధ్రములు ఏడు. అడుగున నున్న మఱికొన్ని రంధ్రములు నాదమును సరిచూచుకొనుటకే. రంధ్రములు ఏడే గదా యని తేలికగా తలపరాదు. పెదవి బిగువును ఊపిరి బలమును మార్చుచు ఒకే రంధ్రమునుండి వేర్వేరు స్వరస్థానములను పలికింపవలెను. మొదటి నెలలలో వచ్చునది స్వరము కాదు, బాతు అఱపు. ఇరుగుపొరుగువారు మందలింతురు, చెఱువుగట్టు మంచిచోటు. పీక మిక్కిలి సుకుమారమైనది. రెల్లువంటి గడ్డితో చేసినది. పండ్లు తగిలిన చెడును. డోలు పనసకొయ్యను తొలిచి చేసినది. ఒకవైపు పొట్టి కఱ్ఱతో కొట్టవలెను. రెండవవైపు, పిండిజిగురు పట్టించిన గుడ్డపేలికలు చుట్టి గట్టిపఱచిన తొడుగులను వ్రేళ్లకు తొడిగికొని వాయింపవలెను. అంతకు ముందుగా జతులు నోటితో పలుకుట రావలెను. నోట పలుకనిది చేత పలుకదని డోలువారందురు. నేను తొమ్మిదినాళ్లలో విన్న మాటలలో ఇదియొకటి. వీనికన్నిటికి ముందు, ఎవరును నిన్ను చూడని, ఎవరును నిన్ను మెచ్చుకొనని పనిని కొంతకాలము చేయుటకు సిద్ధపడవలెను. శ్రుతి పట్టినవానిని మెచ్చుకొనుటకు ఎవరును పెండ్లికి రారు.

పోయిన ధనుర్మాసమున మా ఊరికి పోతిని. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు నాతో వచ్చినది. మండపము అదియే, మెట్లు అవియే. సన్నాయి వాయించుచున్నవాడు, ఆనాడు జ్వరపడిన కుఱ్ఱవాని కుమారుడు. ప్రక్కన డోలు, తాళములు. శ్రుతి ఒక చిన్న పెట్టెనుండి వచ్చుచుండెను. దాని తీగ గర్భాలయపు దీపముల మీటవఱకు పోయియున్నది. నడుమ కరెంటు పోయినది. శ్రుతి ఆగెను. సన్నాయి ఒక్క క్షణము తడబడి, తానే సర్దుకొని సాగెను.

మేళము ముగిసిన పిమ్మట మా మనుమరాలు వారియొద్దకు పోయి, "మామయ్యా, కరెంటు లేనప్పుడు శ్రుతి పట్టుటకు మనిషి కావలెనా?" అని అడిగినది. ఆయన నవ్వి నావైపు చూచెను. నేను 60 ఏండ్ల క్రిందటి మాటను, స్తంభమునొద్ద నిలిచిన మా తండ్రిగారి మాటతో సహా, ఆయనకు చెప్పితిని. ఆయన కొంతసేపు సన్నాయి పీకను గుడ్డతో తుడుచుచుండెను.

"తాతగారి పెట్టె అటకమీద ఉన్నదండీ. తిత్తిని ఎలుకలు కొట్టినవి. తోలు వేయించినచో పలుకును" అనెను.

తోలునకు ఎంత యగునని నేనడిగితిని.